మేనమామ పోలిక

నా మేనల్లుడి మోకాళ్ల మీద ఎప్పుడూ పక్కు కట్టిన దెబ్బలుంటాయి. సైకిల్ మీంచి పడ్డవి, బడి మెట్ల మీద జారినవి, ఎవడితోనో పందెం వేసుకుని గోడ దూకినవి. వాడు మా వాకిట్లో కూర్చుని ఆ పక్కులు గిల్లుకుంటుంటే, నేను ముందుగదిలో సెల్‌ఫోన్లు బాగుచేసే బల్ల దగ్గర నుంచి చూస్తూ ఉంటాను. చేతిలో టంకం వేసే సూది వేడెక్కుతూ ఉంటుంది, నేను మాత్రం పని మరిచిపోయి చూస్తుంటాను.

బడికి పోయే పిల్లవాడి మోకాళ్లు చూసి యాభై దాటినవాడు కుళ్లుకోవడమేమిటని ఎవరైనా నవ్వొచ్చు. కానీ వాడికీ నాకూ ఉన్నది ఒకే జబ్బు. హీమోఫీలియా. మామూలు మనుషులకి దెబ్బ తగిలితే రక్తం కాసేపటికి గడ్డకట్టి ఆగిపోతుంది. మాకు ఆగదు. పైకి కనిపించే దెబ్బలతో ఉన్న బాధ తక్కువే. దెబ్బ లేకపోయినా కీళ్ల లోపల దానంతటదే కారుతుంది, అసలు కష్టమంతా అక్కడ. నేను ఎక్కడా పడకుండా అమ్మ కాపలా కాసింది. నా మోకాలి మీద ఏనాడూ పక్కు కట్టలేదు. అయినా నా కుడి మోకాలు సగం వంగి అక్కడే బిగుసుకుపోయింది. వాడివి రెండూ గీతలు గీసినట్టు తిన్నగా ఉన్నాయి.

మాది అరవనాట ఉన్న మురుంగపాక్కం. ఇంట్లో మాట్లాడేది తెలుగే గాని, అందులో సగం అరవం కలిసిపోయి ఉంటుంది. తెలుగు చదవడం, రాయడం మా తాతతోనే ఆగిపోవలసింది. అమ్మ వాళ్ల నాన్న ఆయన. మోకాలు వాచి నేను వారాల తరబడి మంచం మీద పడి ఉంటే, ఆయన పక్కన కూర్చుని పలక మీద అక్షరాలు దిద్దించాడు. తెలుగు నాకు అట్లా వచ్చింది, వాపుతో పాటు. ఇది రాస్తున్నదీ ఆ అక్షరాలతోనే.

వాపు రాబోయే ముందు కీలు లోపల చీమలు పాకినట్టుండేది. అమ్మతో చెప్పేవాణ్ణి. ఆమె కొంగు నడుముకి దోపుకుని, చేపలవాళ్లకి ఐసు అమ్మే చోటికి పరిగెత్తి గోనెసంచిలో ఒక గడ్డ తెచ్చేది. ఆ ఐసుకి చేపల వాసన. అది మోకాలికి కట్టి, రిక్షాలో పెద్దాసుపత్రికి తీసుకుపోయేది. అక్కడ ప్లాస్మా ఎక్కించేవాళ్లు. అది దొరికి, ఎక్కడం మొదలయ్యేసరికి నా మోకాలు గుమ్మడికాయంత అయ్యేది. నాన్న మిల్లులో పని దిగి వచ్చి, నా కాలు ఒకసారి చూసి, మొహం తిప్పుకుని, బావి దగ్గరికి పోయి చేతులు కడుక్కునేవాడు. అంతే. ఆయన చెడ్డవాడు కాదు. చూడలేకపోయేవాడు.

ఊళ్లో అడిగినవాళ్లకి అమ్మ "పోలియో" అని చెప్పేది. ఇది తల్లి నుంచి కొడుక్కి వచ్చే జబ్బని డాక్టరు ఆమెకి చెప్పి ఉన్నాడు. ఆ మాట మా నాన్నకి కూడా ఆమె చెప్పలేదు. నాకన్నా బాగా చిన్నదైన నా చెల్లెలికి కదిర్కామం సంబంధం వచ్చినప్పుడూ అదే మాట. వాళ్లూ మా తెలుగోళ్లే. పెళ్లికొడుకు తల్లి నా కాలి వంక చూసి "ఏంది ఇది?" అని అడిగితే, అమ్మ కాఫీ గ్లాసు అందిస్తూ "పోలియో వదినా, చిన్నప్పుడే" అంది. పెళ్లయింది.

చెల్లెలికి కొడుకు పుట్టాడు. పాకే వయసులో ఒకరోజు వాణ్ణి ఎత్తుకుని ఇంటికొచ్చింది.

"అన్నా, వీడి కాలు చూడు. యాడ తగిలించుకున్నాడో తెలీలే. నల్లగా అయ్యింది."

పిల్లవాడి పిక్క మీద నీలంగా ఒక మచ్చ. వేలితో నొక్కాను. మధ్యలో గోలీకాయంత గట్టిగా తగిలింది. చొక్కా ఎత్తి చూస్తే చంకల కింద, ఎత్తుకున్న వేళ్ల గుర్తులు నాలుగు. నాకు తెలిసిపోయింది. తలెత్తి అమ్మ వంక చూశాను. ఆమెకీ తెలిసిపోయింది.

అప్పుడు నాకు కలిగింది దుఃఖం కాదు. ఇన్నేళ్లూ ఒక్కణ్ణే ఉన్నాను, ఇప్పుడు ఇంకొకడు వచ్చాడు అనిపించింది. వాణ్ణి ఒళ్లోకి తీసుకుని, తల నిమిరాను. వీడికి ఎక్కడ నొప్పి పుడుతుందో, ఎట్లా పడుకుంటే తగ్గుతుందో, ఏ వేళకి ఏడుపొస్తుందో చెప్పడానికి నేనున్నానని అనుకున్నాను. వాడికి నా అవసరం జీవితాంతం ఉంటుందని నమ్మాను.

పరీక్షల్లో అదేనని తేలింది. మర్నాడే చెల్లెలి అత్త కొడుకునీ కోడల్నీ వెంటబెట్టుకుని మా ఇంటికొచ్చి వాకిట్లోనే నిలబడింది.

"పోలియో అని గదా చెప్పినారు? పోలియో మేనమామ నించి మేనల్లుడికొచ్చే జబ్బా?"

చెల్లెలు వాళ్ల వెనక నిలబడి నన్నూ అమ్మనూ మార్చి మార్చి చూసింది. అది పోలియో కాదని తనకీ తెలియదు. అప్పుడు చెల్లెలి భర్త ముందుకొచ్చి తల్లి చెయ్యి పట్టుకున్నాడు.

"ఇప్పుడు ఎవర్ని అని ఏం లాభమమ్మా. బిడ్డకి ఏం చెయ్యాలో అది చూద్దాం."

ఆ మనిషి గొంతు కూడా పెంచలేదు. ఆ తర్వాత ఆసుపత్రిలో నర్సు దగ్గర కూర్చుని, కొడుకు చేతిలో నరం ఎట్లా వెతకాలో, సూది ఎట్లా వెయ్యాలో మొగుడూ పెళ్లాం ఇద్దరూ నేర్చుకున్నారు. చిన్నప్పుడు సూది కనబడితే మంచం కింద దూరిన చెల్లెలు, కొడుకు మణికట్టు దగ్గర నరాన్ని బొటనవేలితో తడిమి ఒక్క పోటుతో పట్టేసేది. ఆయన పిల్లవాణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకుని కథ చెప్పేవాడు. నేను గోడకి ఆనుకుని చూస్తూ నిలబడేవాణ్ణి. అసూయ మొదలైంది అక్కడే. మొదట ఆ తండ్రిని చూసి.

మా ఇంట్లో దీనికి అసూయ అనే మాట వాడరు. పొరామై అంటాం, అరవంలో. ఆ మాటలో కొంచెం పొగ వాసన ఉన్నట్టుంటుంది నాకు.

తర్వాత వాళ్ల ఫ్రిజ్‌ను చూసి. మాకు రక్తంలో తక్కువగా ఉండేది, గడ్డకట్టించే పదార్థాల్లో ఎనిమిదోది. దాన్ని మందుగా చేసి చిన్న సీసాల్లో ఇస్తున్నారిప్పుడు. సర్కారు ఆసుపత్రిలో ఉచితంగానే. పాల ప్యాకెట్ల పక్కన ఆ సీసాలు వరసగా ఉండేవి. వాడు "అమ్మా, చీమలు" అంటే చాలు, చెల్లెలు సీసా తీసి కలిపి ఎక్కించేసేది. వాపు రాదు. నేను మందు కోసం ఆసుపత్రి వరండాల్లో ఎదురుచూస్తూ పోగొట్టుకున్న మోకాలు వాడికి ఫ్రిజ్ తలుపు తీసి మూసినంత సేపట్లో దక్కేది. అమ్మ మురిసిపోయేది. "చూడరా, ఎంత సులువైపాయె!" అనేది నాతో. ఆమె మాట ముగించేలోపల నేను లేచి బల్ల దగ్గరికి పోయేవాణ్ణి.

వాడికి చెవులు కుట్టించాలన్నారు. మాలో మేనమామ ఒళ్లో కూర్చోబెట్టే కుట్టించాలి. నాకు చెవులు కుట్టలేదు. కుట్టే ధైర్యం అప్పుడు ఎవరికీ లేదు. వాడికైతే ఆసుపత్రి డాక్టరమ్మ పొద్దున్నే మందు ఎక్కించి, ఏం ఫరవాలేదు పొమ్మంది. కాలాపేట దాటాక ఉన్న వాళ్ల కులదేవత గుడికి బస్సులో పోయాం. అక్కడ చాప పరిచారు. నేను నేల మీద బాసింపట్టు వేసి కూర్చోలేను. చెల్లెలి అత్త నా కాలు చూసి, మెల్లగా, మంచిగానే అంది:

"మీ పెదనాయన కొడుకు వచ్చినాడు గదా. ఆయనా మేనమామే. కూర్చోనీ."

మా పెదనాన్న కొడుకు అప్పటికే చొక్కా విప్పి, పంచె సర్దుకుని, చాప మీద కూర్చోబోతున్నాడు. ఆ మనిషి కాళ్లు ఎంత సులువుగా మడతపడ్డాయో నాకు ఇప్పటికీ గుర్తుంది. నా చెవులు వేడెక్కాయి. చెప్పులు వెతుక్కుంటున్నాను. చెల్లెలు గుడి ఆఫీసులోంచి ఒక ప్లాస్టిక్ కుర్చీ ఈడ్చుకొచ్చి చాప మీద వేసింది.

"అన్నా, నువ్వు కూర్చో."

కూర్చున్నాను. పిల్లవాణ్ణి నా ఒళ్లో పెట్టారు. కంసాలి తీగ గుచ్చాడు. వాడు ఒక్క కేక పెట్టి, నోట్లో బెల్లం పెట్టగానే ఊరుకున్నాడు. చెవి తమ్మె మీద ఆవగింజంత రక్తం. అందరూ ఫోటోల కోసం నవ్వుతున్నారు. నేను ఆ చుక్కనే చూస్తున్నాను. అది జారలేదు. అక్కడే ఉండి, నల్లబడి, ఎండిపోయింది. వాడి బరువుకి నా మోకాలు పోటెత్తుతోంది.

కొన్నాళ్లకి డాక్టరమ్మ మా అందర్నీ రమ్మంది. కుటుంబంలో ఉన్న తప్పు ఖచ్చితంగా ఏదో తెలుసుకుంటే మంచిదని అమ్మ దగ్గర, చెల్లెలి దగ్గర, నా దగ్గర, పిల్లవాడి దగ్గర రక్తం తీసుకుంది. ఫలితాలొచ్చాక ఒక కాగితం మీద రెండు గీతలు గీసి, అరవంలో నిదానంగా చెప్పింది. ఎనిమిదోదాన్ని తయారుచేసే జీను ఎక్స్ అనే క్రోమోజోము మీద ఉంటుందట. ఆడవాళ్లకి ఎక్స్‌లు రెండు, ఒకటి చెడినా రెండోది కొంత కాస్తుంది. మగపిల్లవాడికి ఒక్కటే, అదీ తల్లి ఇచ్చిందే. ఆమె మంచిదాన్ని ఇస్తుందో చెడ్డదాన్ని ఇస్తుందో, సగం సగం. మా ఇంట్లోదైతే, ఆ జీనులో ఒక పెద్ద ముక్క తెగి, తలకిందులుగా తిరిగి అతుక్కుంది.

"నాదీ వాడిదీ ఒకటేనా?" అన్నాను.

"అచ్చం ఒకటే. తెగిన చోటు కూడా."

"అట్లయితే వాడెందుకు అట్లున్నాడు, నేనెందుకు ఇట్లున్నాను?"

ఆమె నా మోకాలి వంక చూసి, "మీరు ముందు పుట్టారు" అంది.

నా చెవిలో ఆ మాట ఒక్కటే మోగుతూ ఉండిపోయింది. డాక్టరమ్మ తర్వాత చెల్లెలితో ఏదో చెప్పింది. నేను సరిగ్గా వినలేదు. అమ్మ మాత్రం చీర చెంగు పిండుకుంటూ అడిగింది: "అంటే నా వల్లేనా?"

"మీరు చేసింది ఏమీ లేదమ్మా. ఈ తిరగబడడం ఎక్కువగా మగవాళ్లలో బీజం తయారయ్యేటప్పుడు జరుగుతుంది. మీ నాన్నగారిలో మొదలై మీకు వచ్చి ఉండొచ్చు. ఆయనకి జబ్బు ఉండదు. ఖచ్చితంగా చెప్పలేం."

బస్సులో అమ్మ కిటికీ పక్కన కూర్చుంది. తర్వాత నా చెయ్యి పట్టుకుంది. "ఇన్నేండ్లు నా ఒంట్లోనే పుట్టిందనుకుంటిరా," అంది. ఏడుస్తోంది, కానీ భుజాలు కిందికి దిగి, మనిషి తేలికైనట్టు కనిపించింది. అలాంటి తేలిక నాకూ దొరికితే బాగుండుననుకున్నాను. ఆ పూట ఆమెను చూసి కూడా పొరామైయే.

ఆ పైన కొత్త మందొచ్చింది. ఎనిమిదోది లేకపోయినా దాని పని తను చేసేస్తుందట. నరంలోకి కూడా అక్కర్లేదు, పొట్ట చర్మం కింద ఎప్పుడో ఒకసారి చిన్న పోటు. వాడికి ఇక చీమలు కూడా రావడం లేదు. సైకిల్ కొనిచ్చారు. పెద్దవాళ్లూ తీసుకోవచ్చని డాక్టరమ్మ నాకు కబురు పెట్టింది. నేను పోలేదు. ఎందుకు పోలేదంటే, మోకాలు ఎట్లాగూ పోయింది, ఇప్పుడేం లాభమని అందరికీ చెప్పాను. లోపలి సంగతి వేరు. వాడు తిని మిగిల్చిన పళ్లెం ముందు కూర్చోమన్నట్టు అనిపించింది.

ఒక ఆదివారం వాడు కదిర్కామం నుంచి సైకిల్ తొక్కుకుంటూ మా ఇంటికొచ్చాడు. మా వీధి మలుపులో కంకర మీద పడ్డాడట. మోకాలు దోక్కుపోయి రక్తం కారుతోంది. కుళాయి దగ్గర కడుక్కుని, నవ్వుతూ నా బల్ల దగ్గరికొచ్చి, "చూడు మామా, ఎంత పెద్ద దెబ్బో!" అని గొప్పగా చూపించాడు. నా కళ్ల ముందే ఆ రక్తం ఆగిపోతోంది.

"నీది జబ్బేందిరా," అన్నాను. "నీది దొంగ జబ్బు."

వాడి నవ్వు పోయింది. సైకిల్ తీసుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు మధ్యాహ్నం చెల్లెలు వచ్చింది. అమ్మ లోపల పడుకుని ఉంది. చెల్లెలు గిరాకీల కోసం వేసిన స్టూలు నా ఎదురుగా లాక్కుని కూర్చుంది.

"వాడు రాత్రి అన్నం తినలే. నాది దొంగ జబ్బా అని వాళ్ల నాయన్ని అడిగినాడు."

నేను చేతిలో ఉన్న ఫోను మూత తీసి మళ్లీ పెట్టాను.

"నీకు వాడి మీద పొరామై, అన్నా."

"ఉంది," అన్నాను. "ఎందుకుండకూడదు?"

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. "నాకు నీ మీద ఉండింది," అంది. "నీకు తెలుసునా? నువ్వు ఆసుపత్రిలో ఉంటే అమ్మ నీతోనే. నేను పక్కింటోళ్లు పెట్టింది తిని, వాళ్ల పిల్లోళ్ల మధ్యలో పడుకుంటిని. నాకూ మోకాలు వాచాలని ఒకసారి గోడకేసి గుద్దుకుంటి. వాచలే."

"చిన్నప్పటి సంగతులు..."

"చిన్నప్పటివి గావు. నెలనెలా నాకు ఎట్లా పోతా ఉండిందో నీకేం తెలుసు? ఆడోళ్లకి మామూలే అనింది అమ్మ. వీడు పుట్టినప్పుడు రక్తం ఆగక నేను పోయేదాన్నే. ఆ రోజు డాక్టరమ్మ చెప్పింది, నాకూ ఆ ఎనిమిదోది తక్కువేనంట. ఆడోళ్లలో కూడా కొందరికి అట్లుంటాదంట. నువ్వు నా పక్కనే కూర్చోనుండావు. నీకు వినపడలే."

నిజంగానే వినలేదు.

"నీలో ఉన్నదే నాలోనూ ఉంది. కానీ నన్నెవరూ మంచం మీద పండబెట్టి అక్షరాలు నేర్పలే. నువ్వు తెలుగులో రాసేది ఏందో కూడా నేను చదవలేను." లేచి నిలబడింది. "రేపు నేను ఆసుపత్రికి పోతా ఉండా. నువ్వూ వస్తా ఉండావు."

వెళ్లాను. నాకూ ఆ పోటు మొదలుపెట్టారు. చెల్లెలు కూడా, పన్ను పీకించుకోవడం లాంటి రక్తం కారే పనుల ముందు ఏ మందు వేసుకోవాలో రాయించుకుంది. నా మోచేతులు, మడమలు ఇప్పుడు నన్ను బాధపెట్టడం మానేశాయి. మోకాలు మాత్రం అట్లాగే ఉంది. దాన్ని మార్పించుకునే ఆపరేషన్ గురించి ఆలోచించమన్నారు, ఆలోచిస్తున్నాను. పిల్లవాణ్ణి పిలిచి "దొంగ జబ్బు కాదురా, నేను తప్పుగా అన్నా" అంటే, "తెలుసు మామా" అని, వాళ్ల నాన్న పాత ఫోను ముందుకు తోసి, దీని తెర పగిలింది, నేనే మార్చొచ్చా అని అడిగాడు. పక్కన కూర్చోబెట్టుకుని మార్పించాను. వాడి చేతులు వణకవు. దానికీ కొంచెం కుళ్లుకున్నాను.

ఈ ఏడాది వాళ్ల బడి ఆటల పోటీలకి నన్ను రమ్మని పట్టుబట్టాడు. ఒకళ్లనొకళ్లు తోసుకునే ఆటలు వద్దన్నారు గాని, పరుగుకి డాక్టరమ్మ ఒప్పుకుంది. చెల్లెలూ నేనూ షామియానా కింద కూర్చున్నాం. వాడు మూడో ట్రాకులో నిలబడ్డాడు. ఈల ఊదారు. సగం దాకా వాడే ముందున్నాడు. నేను తెలియకుండానే కర్ర మీద బరువు వేసి లేచి నిలబడ్డాను. అంతలో చివరి ట్రాకులోంచి ఒక పొడుగాటి పిల్లవాడు గాల్లో తేలినట్టు వచ్చి దాటేశాడు. తర్వాత ఇంకో ఇద్దరు. మావాడు నాలుగోవాడు.

చెల్లెలు చప్పట్లు కొడుతోంది. నాకు కొట్టబుద్ధి కాలేదు. ఆ పొడుగాటివాణ్ణి, వాడి చుట్టూ మూగిన వాళ్ల అమ్మా నాన్నల్ని చూస్తుంటే ఒళ్లు మండిపోతోంది. "ఏందన్నా ఆ చూపు?" అని చెల్లెలు నవ్వింది.

మావాడు రొప్పుకుంటూ వచ్చి, నా చేతిలోంచి నీళ్ల సీసా లాక్కుని గడగడా తాగాడు. మూతి తుడుచుకుని ఆ గుంపు వైపు తిరిగాడు.

"వాడి బూట్లు చూసినావా మామా?" అన్నాడు పళ్లు కొరుకుతూ. "కింద ముళ్లుంటాయి. అవి లేకుంటే వాడు గెలిచేవాడే కాదు."

"గెలవడు," అన్నాను.

వాడు నా కుర్చీ చేతి మీద ఎక్కి కూర్చున్నాడు. అవతల ఆ పిల్లవాడికి మెడలో పతకం వేస్తున్నారు. మేమిద్దరం కళ్లార్పకుండా అటే చూస్తూ ఉండిపోయాం.